ఒకదానివలె మరొకటి: పోత గుండ్లు నేర్పే గురి పాఠం

లక్ష్యవేధ అనగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేవాడు అర్జునుడు. చెట్టు మీది పక్షి కన్ను తప్ప మరేమీ కనిపించడం లేదని ద్రోణునికి చెప్పిన శిష్యుడుగా, ద్రుపదుని సభలో మత్స్యయంత్రాన్ని కొట్టిన విలుకాడుగా అతనిని తరతరాలుగా తలచుకొంటున్నాము. ఆ బాణాలను చెక్కినవాని గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించము. పుల్లను సెగకు చూపి వంకర తీసి, అన్నిటికీ ఒకే బరువు, ఒకే పొడవు ఉండేటట్లు సరిచూచి, ఈకలు కట్టిన పనివాడొకడు ఎక్కడో ఉండి ఉండాలి కదా! విలుకాని కన్ను ఎంత నిశితమైనదైనా, అమ్ములపొదిలోని బాణాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ఎగిరేవైతే ఆ కన్ను చేయగలిగినది కొంచెమే.

ఈ వ్యాసం ఆ పనివానిని గురించినది. నేటి కాలంలో అతడు అమెరికాలో ఎక్కువగా కనిపిస్తాడు. అక్కడి పిస్టల్ క్రీడాకారులలో చాలామంది సీసాన్ని కరిగించి, అచ్చులో పోసి, గుండ్లను తామే తయారు చేసుకొంటారు. ఆ గుండ్లతో తూటాలను తామే కూర్చుకొంటారు. ఇంట్లో ఒక మూలనున్న చిన్న బల్ల మీద జరిగే ఈ పనిలో లోహశాస్త్రం, కొలతల శాస్త్రం, గణాంకశాస్త్రం మూడూ కలిసి ఉన్నవి. వృత్తిరీత్యా యంత్రాలతోను, కొలతలతోను కాలం గడిపిన మమ్ములను ఈ విషయం ఆకర్షించడానికి కారణం అదే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయడం మా బాధ్యత. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలను తయారు చేయడం నేరం. కనుక ఇది ఇంటివద్ద చేసి చూడవలసిన ప్రయోగం కాదు. చదివి ఆలోచించవలసిన విషయం. మందు కొలతలు, తయారీ వివరాలు ఇందులో ఉండవు.

ఆట, దాని కొలబద్ద

అమెరికాలో జాతీయ స్థాయి షూటింగ్ పోటీలు 1903లో ఆరంభమైనవి. 1907 నుండి అవి ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ పెర్రీ అనే చోటికి మారినవి. అక్కడి సంప్రదాయ పిస్టల్ పోటీని ‘బుల్స్ ఐ’ అంటారు. క్రీడాకారుడు నిలబడి, ఒంటి చేత్తోనే కాల్చాలి. 50 గజాల దూరం నుండి 10 నిమిషాలలో 10 గుండ్లు నిదానంగా కాల్చడం ఒక భాగం. 25 గజాల నుండి 20 సెకన్లలో 5, మరల 10 సెకన్లలో 5 కాల్చడం తక్కిన భాగాలు. 50 గజాల లక్ష్యపటం మీద పది మార్కుల వలయం వ్యాసం 3.36 అంగుళాలు, అంటే సుమారు 85 మిల్లీమీటర్లు. మన ఇంటి కాఫీ కప్పు కింద పెట్టే చిన్న సాసరు కన్నా తక్కువ.

ఇటువంటి పోటీకి సిద్ధపడేవాడు ఏడాదిలో వేల తూటాలు కాల్చవలసి ఉంటుంది. వాటినన్నిటినీ దుకాణంలో కొనడం సామాన్య సంసారికి మోయరాని ఖర్చు. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు. కాల్చిన తరువాత ఇత్తడి కేసు చెడిపోదు. దానిని సరిచేసి మరల మరల వాడవచ్చును. గుండును పోత పోసుకొంటే ఖర్చు మరింత తగ్గుతుంది. పొదుపు కోసం మొదలైన పని ఇది. అయితే శ్రద్ధగా చేసినవారికి త్వరలోనే ఒక సంగతి తెలిసివచ్చినది: తమ చేతి కూర్పు తూటాలు కొన్నప్పుడు దుకాణపు తూటాలకన్నా దగ్గర దగ్గరగా తగులుతున్నవి. ఎందువలన? కర్మాగారం అన్ని పిస్టళ్లకూ సరిపోయే తూటాను తయారు చేస్తుంది. చేతి పనివాడు తన ఒక్క పిస్టల్‌కు మాత్రమే సరిపోయే తూటాను తయారు చేస్తాడు. దర్జీ కుట్టిన చొక్కాకు, రెడీమేడ్ చొక్కాకు ఉన్న తేడా ఇది.

సీసంతో మొదలు

స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అది మెత్తని లోహం. గోటితో గీస్తే గీత పడుతుంది. బ్రినెల్ కొలమానంలో దాని గట్టిదనం సుమారు 5 మాత్రమే. అందులో కొంచెం తగరం కలిపితే కరిగిన లోహపు తలతన్యత తగ్గి, అచ్చులోని మూలమూలకూ చక్కగా పారుతుంది. ఆంటిమొనీ కలిపితే గట్టిదనం వస్తుంది. నూటికి 90 పాళ్లు సీసం, 5 పాళ్లు తగరం, 5 పాళ్లు ఆంటిమొనీ గల మిశ్రమం ‘లైమన్ నంబర్ 2’ అనే పేరుతో అక్కడ ప్రసిద్ధి. దాని గట్టిదనం సుమారు 15.

ఈ మూడు లోహాల పొత్తు మన పెద్దలకు కొత్త కాదు. ఆఫ్‌సెట్ ముద్రణ రాకముందు తెలుగు పుస్తకాలన్నీ అచ్చయినది ఈ కుటుంబానికి చెందిన మిశ్రమంతో పోసిన అక్షరాలతోనే. కంపోజిటర్ గళ్ల పెట్టెలోనుండి ఏరి పేర్చిన ‘అ’కారం, వేరొక ఊరిలో పోసిన ‘అ’కారంతో సరిసమానమైన ఎత్తు ఉంటేనే పుటలో అక్షరం సమానంగా పడేది. ఇంగ్లీషు పత్రికల లైనోటైప్ యంత్రాలలో వాడిన మిశ్రమంలో సుమారు 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమొనీ, 4 పాళ్లు తగరం ఉండేవి. ముద్రణాలయాలు వదిలించుకొన్న ఆ లోహాన్ని అమెరికా గుండ్ల పోతగాళ్లు చాలాకాలం అపురూపంగా కొనుక్కొన్నారు. ఒకే రకమైన అక్షరం వేలసార్లు పోయవలసినవానికి, ఒకే రకమైన గుండు వేలసార్లు పోయవలసినవానికి కావలసిన గుణాలు ఒక్కటే.

గుండు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని కొత్తవారు భావిస్తారు. అది సరికాదు. మందు మండినప్పుడు పుట్టే పీడనానికి గుండు అడుగు కొద్దిగా ఉబ్బి, గొట్టం గోడలకు అతుక్కొని వాయువును ఆపాలి. తక్కువ పీడనంతో నడిచే పోటీ తూటాలో మితిమీరి గట్టి గుండు వేస్తే అది ఉబ్బదు. పక్కలనుండి మండే వాయువు దూసుకొనిపోయి సీసాన్ని కోసి, గొట్టం లోపల పూతలా అంటిస్తుంది. ఆ పూతతో గురి చెడుతుంది. పనికి తగిన గట్టిదనమే కావాలి గాని, గట్టిదనమే గొప్ప కాదు.

పోతలో నేర్పు

మన ఫౌండ్రీ మిత్రులకు ఈ భాగం కొట్టినపిండి. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి, అంచులు గుండ్రబడతాయి. మరీ వేడెక్కితే పైన మంచు పట్టినట్లు తెల్లబారుతుంది. అందుచేత మొదట పోసిన కొన్ని గుండ్లను చూడకుండానే కడాయిలో తిరిగి వేస్తారు. అచ్చు ఒక నిలకడ వేడికి వచ్చిన తరువాత పోత లయ మారకూడదు. మధ్యలో ఆగి కబుర్లు చెప్పి మళ్లీ మొదలుపెడితే అచ్చు చల్లబడి గుండు కొలత మారుతుంది.

లోహం గడ్డకట్టేటప్పుడు కుంచించుకొంటుంది. చివరగా గడ్డకట్టే చోట బోలు ఏర్పడుతుంది. సాధారణ గుండు అచ్చులో సీసం పోసే రంధ్రం గుండు అడుగువైపున ఉంటుంది. కనుక ఆ బోలు కూడా అక్కడే, అంటే ఉండకూడని చోటనే వస్తుంది. దీనికి విరుగుడుగా అచ్చు పైపలక మీద కొంత సీసాన్ని మడుగులా నిలుపుతారు. గుండు కుంచించుకొన్నప్పుడు ఆ మడుగులోని ద్రవలోహం లోపలికి దిగి ఖాళీని నింపుతుంది. పెద్ద పోతలలో మనం పెట్టే రైజర్ చేసే పని ఇదే. పది టన్నుల పోతకూ, పదమూడు గ్రాముల పోతకూ ప్రకృతి నియమం ఒక్కటే.

ఒక వైద్యుడు కనుగొన్న సత్యం

గుండు అడుగు ఎందుకంత ముఖ్యం? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవాడు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు. దశాబ్దాల తరబడి చేసిన ప్రయోగాలను ఆయన 1909లో గ్రంథంగా ప్రకటించాడు. గుండు ముక్కును కావాలని చెడగొట్టి కాల్చి చూచాడు. అడుగును చెడగొట్టి కాల్చి చూచాడు. ముక్కు చెడినా గురి అంతగా తప్పలేదు. అడుగు చెడితే మాత్రం గుండు దారి తప్పినది. గొట్టం చివర గుండును ఆఖరుగా తాకేది దాని వెనుకనున్న వాయువు. అడుగు అంచు ఒకవైపు విరిగి ఉంటే వాయువు ఆ వైపునుండి ముందుగా బయటపడి గుండును పక్కకు నెట్టుతుంది. చూపరులకు అందంగా కనిపించేది ముక్కు. దారిని నిర్ణయించేది ఎవరూ చూడని అడుగు.

రెండవ కారణం గరిమనాభి. దీనిని లెక్క వేసి చూద్దాము. .45 ఏసీపీ పిస్టల్ గొట్టంలోని గాడులు గుండును 16 అంగుళాలకు, అంటే 406 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిప్పుతాయి. సెకనుకు సుమారు 225 మీటర్ల వేగంతో పోయే గుండు సెకనుకు 550 చుట్లకు పైగా తిరుగుతుందన్నమాట. ఇప్పుడు గుండు లోపల ఒక పక్కగా చిన్న బోలు ఉండి, గరిమనాభి నడిమి అక్షం నుండి 0.02 మిల్లీమీటర్లు జరిగిందనుకొందాము. గొట్టంలో ఉన్నంతసేపు గోడలు గుండును నడిమిలో పట్టి ఉంచుతాయి. గరిమనాభి మాత్రం చిన్న వలయంలో తిరుగుతూ ఉంటుంది. ఆ వలయం చుట్టుకొలత 0.126 మిల్లీమీటర్లు. గొట్టం దాటగానే, జొన్నచేలో పిట్టలను తోలే వడిసెలలోనుండి రాయి విడివడినట్లు, గుండు ఆ క్షణాన ఉన్న దిశలో పక్కకు జరగడం మొదలుపెడుతుంది. 406 మిల్లీమీటర్లు ముందుకు సాగితే 0.126 పక్కకు, 50 గజాలు సాగేసరికి 14 మిల్లీమీటర్లు పక్కకు!

వెంట్రుక మందం కన్నా తక్కువైన తేడా లక్ష్యపటం మీద బొటనవ్రేలి గోరంత దూరమైనది. ఒక గుండు కుడికి, మరొకటి ఎడమకు జరిగితే ఆ దూరం రెట్టింపు. గమనించండి, ఈ లెక్కలో వేగం ప్రసక్తి లేదు. మందు పెంచి గుండును ఎంత వేగంగా తోలినా ఈ దోషం పోదు. పోతలో జరిగిన తప్పును బలంతో దిద్దలేము.

ఇంత చిన్న బోలును పట్టేదెట్లు? .45 గుండు బరువు 200 గ్రెయిన్లు, అంటే సుమారు 13 గ్రాములు అనుకొందాము. నడిమి నుండి 3 మిల్లీమీటర్ల దూరంలో రెండున్నర మిల్లీమీటర్ల వ్యాసం గల బోలు ఉంటే గరిమనాభి సరిగ్గా ఆ 0.02 మిల్లీమీటర్లు జరుగుతుంది, బరువు 1.3 గ్రెయిన్లు తగ్గుతుంది. గ్రెయినులో పదవ వంతు తూచే చిన్న త్రాసు వారి బల్లల మీద ఉంటుంది. కనుక తూచి, తక్కువ బరువు గలవానిని వేరుచేసి, కరిగించి మరల పోస్తారు. బోలు ఎక్కడ ఉన్నదో త్రాసు చెప్పలేదు. ఉన్నదని మాత్రం చెబుతుంది. అంతమాత్రం చాలు.

కొలత, కందెన

పోత గుండు వ్యాసం గొట్టపు గాడుల వ్యాసం కన్నా అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ ఉండేటట్లు సరిచేయడం వాడుక. తక్కువైతే వాయువు పక్కనుండి జారి సీసాన్ని కోస్తుంది. అందుచేత శ్రద్ధగలవారు ముందుగా తమ పిస్టల్ గొట్టాన్ని కొలిచి, ఆ తరువాతనే గుండు కొలతను నిర్ణయించుకొంటారు. షాఫ్టును కొలవకుండా బేరింగును ఆర్డరు చేయరు కదా!

గుండు చుట్టూ ఉన్న గాడులలో తేనె మైనం కలిసిన కందెన నింపుతారు. సీసం గొట్టానికి అంటకుండా అది కాపాడుతుంది. ఈ చిన్న విషయం మన దేశ చరిత్రను కదిలించినదని మరువరాదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకికి వచ్చిన కాగితపు తూటాలకు కందెన అవసరమైనది. ఆ కందెనలో ఆవు కొవ్వు, పంది కొవ్వు ఉన్నాయన్న వార్త 1857 ఆరంభంలో సిపాయిలలో వ్యాపించినది. తూటాను పంటితో కొరికి విప్పవలసి ఉండేది గనుక అది వారి మతవిశ్వాసాలను గాయపరచినది. సిపాయిలు తమకు ఇష్టమైన కందెనను తామే పూసుకోవచ్చునని తరువాత అనుమతించినా నమ్మకం తిరిగి రాలేదు. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మే 10న మీరట్ భగ్గుమన్నది. తిరుగుబాటుకు కారణాలు అనేకం ఉన్నప్పటికీ, కందెనను ఎంచుకొన్నవారు దానిని నోట పెట్టుకోవలసిన మనిషిని గురించి ఆలోచించలేదన్నది మాత్రం నిజం.

బలం కాదు, నిలకడ

పోటీ తూటాలలో మందు తక్కువగానే ఉంటుంది. కాగితపు పటానికి చిల్లు పడడానికి పెద్ద బలం అక్కరలేదు. ముక్కు చదునుగా ఉండే గుండ్లు పటాన్ని పంచింగ్ మిషన్ కోసినట్లు గుండ్రంగా కోస్తాయి. మార్కులు లెక్కించడంలో తగవు రాదు. మందు పరిమాణం ప్రతి తూటాలోనూ ఒకే తీరుగా ఉండడం, కేసు మూతి గుండును ఒకే బిగువుతో పట్టుకోవడం, గుండు ఒకే లోతున కూర్చొనడం, ఇవే గురికి ప్రాణం.

ప్రమాదం పొంచి ఉండేదీ ఇక్కడనే. కొద్దిపాటి మందు వేసినప్పుడు కేసులో ఖాళీ చాలా మిగులుతుంది. ధ్యాస తప్పి రెండవసారి మందు పోసినా పొంగి పొర్లదు, పైకి తెలియదు. కాల్చినప్పుడు పిస్టల్ పగిలి చేయి పోవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు గుండు పెట్టే ముందు మందు పోసిన కేసులన్నిటినీ వరుసగా నిలిపి, దీపం పట్టి, ఒక్కొక్కదానిలోకి తొంగి చూస్తారు. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బా మాత్రమే ఉంచుతారు. పని జరుగుతున్నంతసేపు రేడియో, టీవీ, సంభాషణ ఉండవు. తయారీదారు ప్రకటించిన పట్టికను దాటి పోరు. మన ప్లాంటులో పర్మిట్ లేకుండా పని మొదలుపెట్టరాదన్న నియమం వెనుక ఉన్న ఆలోచనే ఇది. మనిషి ధ్యాస ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుందని ముందే ఒప్పుకొని, తప్పినా ప్రాణం పోకుండా పద్ధతిని అమర్చడం.

మెరుగుదలను నమ్మేదెప్పుడు?

కొత్త అచ్చు కొన్నాడు. అయిదు గుండ్లు కాల్చాడు. అయిదూ ఒకచోట తగిలినవి. అచ్చు గొప్పదని తేల్చవచ్చునా? తొందరపడరాదు. ఒకే పిస్టల్‌తో, ఒకే రకం తూటాలతో అయిదేసి గుండ్ల గుంపులు వరుసగా కాలిస్తే ఒక గుంపు మరొకదానికి రెట్టింపు వెడల్పు రావడం అరుదు కాదు. అది కేవలం యాదృచ్ఛికం. అంతేగాక, పది గుండ్ల గుంపు అయిదు గుండ్ల గుంపు కన్నా సగటున నాలుగో వంతు పెద్దదిగా ఉంటుంది. కాబట్టి ఒకరి అయిదింటిని మరొకరి పదింటితో పోల్చరాదు. బాగున్న ఒక్క గుంపును పర్సులో దాచుకొని, తక్కినవానిని చించివేసేవాడు తన్ను తానే మోసగించుకొంటున్నాడు.

తూటాను పరీక్షించేటప్పుడు మనిషి చేతి వణుకు అడ్డురాకుండా పిస్టల్‌ను ఇనుప చట్రంలో బిగించి కాల్చే సాధనాలు ఉన్నవి. అమెరికాలో ‘రాన్సమ్ రెస్ట్’ అనే సాధనం ఇందుకు పేరు పొందినది. అప్పుడు కూడా నియమం ఒక్కటే: ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. మిశ్రమం, కందెన, మందు మూడింటినీ ఒకేసారి మారిస్తే ఫలితం బాగున్నా ఎందువలన బాగున్నదో తెలియదు. కంపిస్తున్న పంపులో సీలు, బేరింగు, అలైన్‌మెంటు మూడూ ఒకే షట్‌డౌన్‌లో మార్చి, కంపనం తగ్గితే సంతోషించే మెయింటెనెన్స్ పద్ధతి మనకు తెలియనిది కాదు. ఆరు నెలల తరువాత కంపనం తిరిగి వస్తే, మూడింటిలో దేనిని అనుమానించాలో చెప్పగలవారుండరు.

శ్రమ ఎక్కడ పెట్టాలి?

పటం మీద కనిపించే చెదురు రెండు మూలాల నుండి వస్తుంది. ఒకటి తూటాది, రెండవది మనిషిది. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి గనుక నేరుగా కలపరాదు. వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. లంబకోణ త్రిభుజంలో కర్ణాన్ని లెక్కించినట్లే.

ఒక కొత్త క్రీడాకారుని చేతి చెదురు 150 మిల్లీమీటర్లు, అతని తూటాలది 75 మిల్లీమీటర్లు అనుకొందాము. మొత్తం 168. అతడు నెలల తరబడి శ్రమించి పోత గుండ్ల చెదురును 40కి తగ్గిస్తే మొత్తం 155 అవుతుంది. తూటా దాదాపు రెట్టింపు బాగుపడినా పటం మీద లాభం 13 మిల్లీమీటర్లే. అదే కాలాన్ని సాధనలో గడిపి చేతి చెదురును 100కి తెస్తే, పాత తూటాలతోనే మొత్తం 125 అవుతుంది. ఇక చేతి చెదురు 60 గల ఆరితేరినవానిని తీసుకోండి. 75 తూటాలతో మొత్తం 96. 40 తూటాలతో 72. మార్కుల పట్టికలో స్థానాన్ని మార్చే తేడా ఇది. మంచి తూటా ఆరితేరినవానికి వరం, కొత్తవానికి సాకు.

చేతి చెదురు ఎందుకింత పెద్దది? పిస్టల్ ముందు, వెనుక సైట్ల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకొంటే, ముందరి సైటు 1 మిల్లీమీటరు పక్కకు జరిగిన పక్షంలో 25 మీటర్ల దూరాన గుండు 125 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పిస్టల్ గురిలో సాధన అంటే చాలావరకు ఆ మిల్లీమీటరుతో పోరాటమే.

సీసంతో జాగ్రత్త

గురి ఎంత బాగుపడినా ఆరోగ్యం చెడితే ప్రయోజనం లేదు. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే హాని లేదని చెప్పగల పరిమాణమేదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది మరింత కీడు. మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలును నిలిపివేయడానికి కారణం ఇదే. సీసం కరిగించేవారికి పొగ కన్నా పైన తేలే తెట్టు, దాని ధూళి ఎక్కువ అపాయకరం. గాలి ఆడే చోటు, చేతి తొడుగులు, కళ్లజోడు, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుగుకొనడం, పని బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా ఉతకడం, పిల్లలను దరి చేరనివ్వకపోవడం అక్కడివారు పాటించే నియమాలు. కరిగిన సీసం అడుగుకు ఒక్క నీటిబొట్టు చేరినా అది ఆవిరై లోహాన్ని పైకి చిమ్ముతుంది. తడి తుక్కును కొలిమిలో వేయరాదన్న నియమం మన షాపులలో ఎందుకున్నదో వేరే చెప్పనక్కరలేదు.

బ్యాటరీ మరమ్మతులు, పాత పెయింటు గీకడం, సోల్డరింగు వంటి పనులు చేసే మన సోదరుల కుటుంబాలకు కూడా ఈ జాగ్రత్తలు అక్షరాలా వర్తిస్తాయి. పని బట్టలతో ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకొనే ముందు చేతులు కడుగుకోండి.

మన క్రీడాకారుల మాట

తూటాలను స్వయంగా పోసుకొనే అలవాటు లేకున్నా, ఒకేతీరు తూటా కోసం మన షూటర్లు పడే తపన తక్కువది కాదు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో జస్పాల్ రాణా 1994 హిరోషిమా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచాడు. 2006 దోహా క్రీడలలో 600కు 590 మార్కులతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఆ పోటీలోని ప్రెసిషన్ దశలో పది మార్కుల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో విజయ్ కుమార్ రజతం సాధించాడు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ అదే ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంలో భాగస్వామి.

ర్యాపిడ్ ఫైర్ పోటీలో వాడే .22 రిమ్‌ఫైర్ తూటాను మరల కూర్చడం వీలుకాదు. కనుక ఉన్నత స్థాయి క్రీడాకారులు వేరొక దారి పట్టుతారు. ఒకే కంపెనీ, ఒకే పేరు గల తూటాలలోనే వేర్వేరు లాట్ల పెట్టెలు తెప్పించి, గొట్టాన్ని చట్రంలో బిగించి కాల్చి, తమ గొట్టానికి నప్పిన లాటును ఏరి ఎక్కువ మొత్తంలో కొంటారు. ఎయిర్ పిస్టల్ పెల్లెట్లను కూడా తల వ్యాసం 4.49, 4.50 మిల్లీమీటర్లంటూ నూరో వంతు తేడాతో విడివిడిగా అమ్ముతారు. పోతగాడు తయారు చేసుకొనే సమానత్వాన్ని వీరు ఏరుకొంటారు, అంతే తేడా.

మన దేశంలో చిన్న ఆయుధాల తూటాలు తయారు చేసే ఖడ్కీ, వరణ్‌గావ్ కర్మాగారాలు 2021 అక్టోబరు 1 నుండి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థలో భాగమైనవి. మనవంటి ఉద్యోగులే అక్కడ గేజి పట్టుకొని, త్రాసు ముందు కూర్చొని, లక్షల తూటాలు ఒకదానివలె మరొకటి ఉండేటట్లు చూస్తున్నారు. పతకం అందుకొనే వేదిక మీద వారి పేర్లు వినబడవు.

మన పనిలోనూ అధిక భాగం అటువంటిదే. నిన్న తీసిన రీడింగునే ఈనాడూ అదే శ్రద్ధతో తీయడం, వందవ బోల్టును మొదటి బోల్టు బిగించిన టార్కుతోనే బిగించడం, బాగున్న ఫలితాన్ని కూడా రెండవసారి పరీక్షించిన తరువాతనే రాతపూర్వకంగా తెలియజేయడం. వీటికి చప్పట్లు ఉండవు. కాని 50 గజాల అవతల పటం మీద పడే చిల్లు మాత్రం ఆ బల్ల దగ్గర ఎవరు ఎంత శ్రద్ధగా కూర్చున్నారో తప్పక చెబుతుంది.